ఆవశ్యకం, వాంఛనీయం: తారుమారు కావలసిన రెండు మాటలు



స్వచ్ఛంద సంస్థల ఉద్యోగ ప్రకటనలు చదివే అలవాటున్నవారికి రెండు మాటలు బాగా పరిచయం. ఒకటి 'ఆవశ్యకం', రెండవది 'వాంఛనీయం'. ఏజెన్సీ ప్రాంతంలో పనిచేయడానికి మనిషి కావలెనని ప్రకటన వెలువడుతుంది. ఆంగ్లంలో చక్కగా వ్రాయడం, మాట్లాడడం ఆవశ్యకం. స్నాతకోత్తర పట్టా ఆవశ్యకం. కంప్యూటరు మీద పట్టికలు గీయడం, బొమ్మలతో ప్రసంగపత్రం తయారు చేయడం ఆవశ్యకం. ఇవన్నీ అయిన తరువాత, చిట్టచివర, మొక్కుబడిగా ఒక వాక్యం: స్థానిక భాష తెలిసి ఉండడం వాంఛనీయం.

ఆ స్థానిక భాష ఏదో ప్రకటన వ్రాసినవారు చెప్పరు. తెలుగే అని వారి ఊహ. జైనూర్ మండలానికి వచ్చి చూస్తే ఆ ఊహ ఎంత పలుచనిదో తెలుస్తుంది. గోండుగూడెంలో పలికేది గోండీ. కొలాంగూడెంలో కొలామీ. తండాలో లంబాడీ. సంతలో మరాఠీ, ఉర్దూ కలగలిసి వినిపిస్తాయి. తెలుగు వీటన్నిటి మధ్య కచేరీ భాషగా, బడి భాషగా ఉన్నది. తెలుగు పండిత శిక్షణ పొంది, ఆ భాషనే పిల్లలకు చెప్పి జీతం తీసుకొన్నవాడిని కనుక ఈ మాట అనే అధికారం నాకు కొంత ఉన్నదనుకుంటాను: జైనూర్‌లో తెలుగు తెలిసినంత మాత్రాన స్థానిక భాష తెలిసినట్లు కాదు.

ఈ టపాలో నేను వాదించదలచినది ఒక్కటే. ఆదివాసుల కోసమని సృష్టించిన ఉద్యోగాలలో ఆదివాసుల భాష ఆవశ్యకం కావాలి, ఆంగ్లం వాంఛనీయం కావాలి. అంతేకాదు, ఆ భాషలో పనిచేసే మనిషికి ఇచ్చేదాన్ని జీతమని పిలవాలి, జీతంగానే ఇవ్వాలి.

*

పబ్లిక్ పాలసీ, కమ్యూనికేషన్స్, స్వచ్ఛంద సేవ. నగరంలో చదువుకొన్న పిల్లల నోట ఈ మూడూ ఇప్పుడు తరచుగా వినిపిస్తున్న కొలువులు. వీటికి ప్రత్యేకమైన చదువులు కూడా వచ్చాయి. బెంగళూరులోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2014 నుంచి పాలసీలో స్నాతకోత్తర విద్య నేర్పుతున్నది. హైదరాబాదులో పాలసీ చదువు కోసమే కౌటిల్య పేరిట ఒక కళాశాల 2021లో మొదలైంది. ఇంజనీరింగు తప్ప మరో దారి లేదనుకునే ఇళ్లలో నుంచి కొందరు పిల్లలు ప్రజల పని వైపు రావడం సంతోషించదగినదే. వారి మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ కొలువుల తలుపుకు పెట్టిన తాళం మీదనే నా ఫిర్యాదు.

పాలసీ అంటే ఢిల్లీలో పుట్టి, హైదరాబాదులో పెరిగి, జైనూర్‌లో కాపురానికి వచ్చే పిల్ల. కాపురం చేసే ఇంట్లో ఆ పిల్ల మాట ఎవరికీ అర్థం కాకపోతే, ఆమె ఎంత గుణవంతురాలైతే ఏమి లాభం? 1996లో పార్లమెంటు పెసా చట్టం చేసి షెడ్యూల్డు ప్రాంతాలలో గ్రామసభకు అధికారమిచ్చింది. దానికి మన రాష్ట్రంలో నియమాలు వ్రాసుకోవడానికి 2011 వరకు పట్టింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. పోడు భూమికి పట్టా అడిగే దరఖాస్తును మొదట పరిశీలించేది గ్రామసభే అన్నది. ఇవి గొప్ప చట్టాలు. కానీ గ్రామసభలో కూర్చున్న ముసలి గోండుకు, ముసలి కొలాముకు ఆ చట్టంలో ఏమున్నదో, ఏ సాక్ష్యం చూపితే చెల్లుతుందో, దరఖాస్తు తిరస్కరించినప్పుడు ఎక్కడికి అప్పీలు చేసుకోవాలో అతని భాషలో చెప్పేదెవరు? ఆ చెప్పడమే జైనూర్‌లో పబ్లిక్ పాలసీ. దాన్ని చేసే మనిషికి మాత్రం ఆ పేరుతో ఉద్యోగం లేదు. పదో తరగతి చదివిన మేనల్లుడో, ఊరి పటేలో, తీరిక దొరికిన ఉపాధ్యాయుడో ఆ పని ఉచితంగా చేసిపెడుతున్నాడు.

కమ్యూనికేషన్స్ సంగతీ అంతే. గర్భిణి ఇనుము మాత్రలు వేసుకోవాలని, కాన్పుకు ఆసుపత్రికి రావాలని, దోమతెర కట్టుకోవాలని గోడపత్రిక తయారు చేసే నిపుణుడు నగరంలో ఉంటాడు. అతనికి నెలజీతం ఉన్నది. ఆ పత్రిక చదవలేని ఇంటికి నడిచివెళ్లి, ఆ ఇంటి భాషలో ఆ మాట చెప్పి, అత్తగారిని ఒప్పించి, కోడలిని ఆటో ఎక్కించేది ఆశా కార్యకర్త. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో మొదలైన ఈ వ్యవస్థలో ఆమె ఉద్యోగి కాదు, కార్యకర్త. ఆమెకు వచ్చేది జీతం కాదు, ప్రోత్సాహకం. ఈ ఇద్దరిలో ఎవరు నిజమైన కమ్యూనికేషన్స్ నిపుణులో మీరే చెప్పండి. ముంజేతి కంకణానికి అద్దమెందుకు?

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశపు ఆశా కార్యకర్తలను పురస్కారంతో గౌరవించింది. అందరం చప్పట్లు కొట్టాము. గౌరవం మరొకసారి అందింది. జీతం సంగతి ఎవరూ ఎత్తలేదు.

*

ఇక్కడ కొంచెం వ్యాకరణం చెప్పుకోక తప్పదు. పండితుల రోగం, మన్నించండి.

'గౌరవ వేతనం' అన్న సమాసానికి విగ్రహవాక్యం ఏమిటి? గౌరవముతో ఇచ్చే వేతనమైతే తృతీయా తత్పురుషం. గౌరవము కొరకు ఇచ్చే వేతనమైతే చతుర్థీ తత్పురుషం. కానీ మన కచేరీలలో జరుగుతున్నది చూస్తే అది రూపక సమాసమని తేలుతుంది: గౌరవమనెడు వేతనము. అంటే గౌరవమే వేతనం, వేరే ఏమీ అడగకు అని.

సుప్రీంకోర్టు కూడా ఒకసారి ఈ సమాసాన్ని విప్పి చూసింది. గుజరాతు అంగన్‌వాడీ కార్యకర్తల వ్యాజ్యంలో 2022 ఏప్రిల్‌లో తీర్పు చెబుతూ, వారికి ఇచ్చే గౌరవ వేతనం చట్టం దృష్టిలో వేతనమేనని, 1972 నాటి గ్రాట్యుటీ చట్టం వారికి వర్తిస్తుందని తేల్చింది. అంటే పేరు మార్చినంత మాత్రాన వస్తువు మారదని దేశంలోని అత్యున్నత న్యాయస్థానమే చెప్పింది. స్వచ్ఛంద సంస్థలకు ఈ తీర్పు నేరుగా వర్తించకపోవచ్చు. అందులోని నీతి వర్తించకుండా పోతుందా?

'స్వచ్ఛందం' అన్న మాట చూడండి. స్వ అంటే తనది, ఛందము అంటే ఇచ్ఛ. తన ఇష్టప్రకారం చేసేది స్వచ్ఛందం. వేరే పని దొరకక, దొరికిన నెలకింతకు తలవంచి చేసే పనిలో స్వచ్ఛందం ఎక్కడున్నది? ఇక 'జీతం' అన్నది 'జీవితం' అనే సంస్కృత శబ్దానికి తద్భవం. మన పూర్వులు ఆ మాటను అలా తయారు చేసుకోవడంలోనే ఒక లోకజ్ఞానం ఉన్నది. బ్రతకడానికి చాలినదే జీతం. చాలనిదానికి ఎన్ని పేర్లు పెట్టినా అది భిక్షకు దగ్గర.

*

ఆదివాసులకు ఈ వృత్తులు కొత్త అని, వారికి మనం నేర్పాలని అనుకునేవారు రాజగోండుల పర్ధాన్లను ఒకసారి తలచుకోవాలి. వంశాల పుట్టుక, దేవతల కథ, పూర్వుల యుద్ధాలు కిక్రీ తీగల మీద పలికిస్తూ తరతరాలుగా వినిపించేవారు పర్ధాన్లు. ఏ పర్ధాన్ కుటుంబం ఏ గోండు కుటుంబాలకు పాడాలో కట్టుబాటు ఉన్నది. పాడినందుకు ధాన్యమో, బట్టలో, పశువో ఇవ్వవలసిన బాధ్యత ఆ గోండు కుటుంబానిది. జాతి జ్ఞాపకాన్ని మోసే మనిషి పస్తుండరాదని ఆ సమాజం ఏనాడో నిర్ణయించుకొన్నది. కమ్యూనికేషన్స్ అనే వృత్తికి ఇంతకంటే పాత కొలువు ఏది? ఆ పని చేసేవాడు స్వచ్ఛందంగా చేయాలని, చేసి ధ్రువపత్రం తీసుకొని వెళ్లాలని గోండులు అనలేదు.

పాలసీకి కూడా ఇక్కడ చరిత్ర ఉన్నది. అది జైనూర్ మండలంలోనే ఉన్నది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ నేలకొరిగిన తరువాత, ఈ తిరుగుబాటు ఎందుకు వచ్చిందో తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి కలిగింది. ఆ పని మీద వచ్చినవాడు వియన్నాలో పుట్టిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. యుద్ధకాలంలో శత్రుదేశపు పౌరుడన్న ముద్ర పడి, హైదరాబాదు సంస్థానంలో ఉండిపోయినవాడు. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో కాపురం పెట్టారు. ఆ ఊరు ఇప్పటి జైనూర్ మండలంలోనిది. వారు కచేరీలో కూర్చొని దుబాసీల చేత చెప్పించుకోలేదు. గోండీ నేర్చుకొన్నారు.

తరువాత జరిగినదే నా వాదానికి ప్రాణం. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం తెరిచారు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారు చేశారు. పై చదువులున్న ఉపాధ్యాయులను నగరం నుంచి రప్పించి, వారికి గోండీ వాంఛనీయమని చెప్పలేదు. గోండీ వచ్చిన యువకులను పట్టుకొని, వారికి చదువు చెప్పి, వారినే ఉపాధ్యాయులను చేశారు. అక్కడ భాష ముందు వచ్చింది, పట్టా తరువాత వచ్చింది. అలా తయారైన చదువరులలో కొందరు చిన్నపాటి సర్కారు కొలువులలో కూడా కుదిరారు. ఆ కాలంలోనే ఆదిలాబాదులో పనిచేసిన అధికారి సేతు మాధవరావు పగడి గోండీ నేర్చుకొని, ఆ భాషకు వ్యాకరణం వ్రాశాడు. 1940లలోనే కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు మొదలైంది. అధికారులే ప్రజల దగ్గరకు వచ్చి మొర వినాలన్నది దాని ఉద్దేశం.

బెట్టీ ఎలిజబెత్ 1987లో కన్నుమూసింది. హైమన్‌డార్ఫ్ 1995లో పోయాడు. ఇద్దరి సమాధులూ మార్లవాయిలో ఉన్నాయి. అక్కడికి ఏటా పూలదండలు వెళ్తున్నాయి. పూలదండ వేసిన చేతులతోనే ఆంగ్లం ఆవశ్యకమన్న ప్రకటన మీద సంతకాలు పెడుతుంటే, ఆ దంపతులను స్మరిస్తున్నామని ఎలా అనుకోవడం?

సంస్థానపు ప్రభుత్వం, యుద్ధకాలం, రహదారి లేని అడవి. అప్పుడు సాధ్యమైనది ఇప్పుడు ఎందుకు అసాధ్యమో ఎవరైనా చెప్పగలిగితే వినాలని ఉన్నది.

*

స్థానికులకు ఉద్యోగాలు అసలే ఇవ్వలేదా అని అడగవచ్చు. ఇచ్చారు. ఎలా ఇచ్చారో చూద్దాం.

2006లో ఉపాధి హామీ పథకం మొదలైనప్పుడు తొలి విడత జిల్లాలలో ఆదిలాబాదు, కరీంనగరు రెండూ ఉన్నాయి. ఆ పథకం ఊరూరా ఫీల్డ్ అసిస్టెంట్లను పుట్టించింది. కూలీల పేర్లు వ్రాసుకోవడం, పని చూపించడం, హాజరు వేయడం వారి వంతు. సామాజిక తనిఖీ అనే మంచి పద్ధతి కూడా మన రాష్ట్రంలో ఆ పథకంతోనే వేళ్లూనుకొన్నది. కూలీ కుటుంబాలలోని చదువుకొన్న పిల్లలకు శిక్షణ ఇచ్చి, వారి చేతనే లెక్కలు తీయించి, గ్రామసభలో చదివించారు. విధానాన్ని ప్రజలే పరీక్షించడం అంటే అదే. దేశమంతా దాన్ని మెచ్చుకొన్నది. కానీ ఆ పిల్లలకు దక్కినది రోజుకింత అన్న లెక్క. 2020 మార్చిలో ఫీల్డ్ అసిస్టెంట్లు సమ్మె చేస్తే తెలంగాణలో ఏడు వేలకు పైగా మందిని ఒక్క దెబ్బతో తొలగించారు. 2022 ఆగస్టులో తిరిగి తీసుకొన్నారు. మధ్యలో రెండేళ్లకు పైగా వారి ఇళ్లలో పొయ్యి ఎలా వెలిగిందో ఏ నివేదిక వ్రాస్తుంది?

2009లో సాక్షర భారత్ వచ్చింది. వయోజనులకు అక్షరాలు నేర్పే సమన్వయకర్తలు ఊరూరా వెలిశారు. 2018 మార్చితో ఆ పథకం ముగిసింది, వారూ ముగిశారు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో గోండీ, కొలామీ, బంజారా సహా ఎనిమిది ఆదివాసీ భాషలలో బడి పుస్తకాలు వ్రాయించారు. మంచి ప్రయత్నం. అది కూడా పథకమే. పథకానికి ఆయువు ఉంటుంది. ఆ ఆయువుతోనే స్థానికుడి కొలువు కూడా ముడిపడి ఉంటుంది.

ఇటీవల కంపెనీల సామాజిక బాధ్యత నిధులు వచ్చాయి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, ఒక స్థాయి దాటిన కంపెనీలు తమ సగటు నికరలాభంలో 2 శాతం సామాజిక కార్యాలకు ఖర్చుపెట్టాలి. ఆ నియమాలలో కొనసాగే ప్రాజెక్టుకు గడువు, మొదలైన ఏడాదిని మినహాయించి, మూడేళ్లు. గోండు పిల్ల ఒకటో తరగతిలో చేరి అయిదో తరగతి దాటేలోపే ప్రాజెక్టు మూటాముల్లె సర్దుకొని వెళ్లవచ్చును. ప్రాజెక్టు మేనేజరు మరో జిల్లాకు, మరో ప్రాజెక్టుకు వెళ్తాడు, జీతం కూడా అతనితో వెళ్తుంది. గూడెంలో అతని మాటను తర్జుమా చేసి పెట్టిన యువకుడు మాత్రం ఎక్కడికి వెళ్తాడు? పత్తి ఏరడానికే.

2018లో కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాను ఆకాంక్ష జిల్లాగా నీతి ఆయోగ్ ఎంపిక చేసింది. ప్రగతిని కొలవడానికి 49 సూచికలు పెట్టింది. 2023లో తిర్యాణి, మన పక్కనున్న నార్నూర్ ఆకాంక్ష బ్లాకులయ్యాయి. బరువు తక్కువ పిల్లలెందరు, పాఠ్యపుస్తకాలు వేళకు అందాయా అని లెక్కిస్తున్నారు. లెక్కించాలి కూడా. అయితే ఆరోగ్య కేంద్రంలో అడిగిన ప్రశ్న రోగికి అర్థమైందా, టీచరు చెప్పిన పాఠం ఏ భాషలో చెవిన పడింది అన్నవి ఆ ప్రగతి లెక్కలో ఎక్కడా ప్రధానం కాలేదు.

2024 సెప్టెంబరులో జైనూర్‌లో ఒక ఆదివాసీ మహిళపై జరిగిన ఘోరం తరువాత ఘర్షణలు చెలరేగి, కర్ఫ్యూ పెట్టి, ఇంటర్నెట్ నిలిపివేయవలసి వచ్చింది. ఆ వివరాలలోకి నేను వెళ్లను, ఆ గాయాలను రేపడం ఈ టపా పని కాదు. ఒక్క ప్రశ్న మాత్రం అడుగుతాను. పుకారు ఊరూరా నడిచే వేళ, ప్రతి గూడెంలోనూ, ప్రతి వాడలోనూ జనం నమ్మే మనిషి, జనం భాషలో నిజం చెప్పే మనిషి కావాలి. అటువంటి మనుషులను ఆ రోజు వెతుక్కుంటే దొరకరు. ఏళ్ల తరబడి జీతమిచ్చి, పని చేయించి, నమ్మకం కూడబెట్టుకొంటేనే దొరుకుతారు. నెట్టు నిలిపివేయడం ఒక ఉత్తరువుతో అయ్యే పని, నమ్మకం అలా కుదిరేది కాదు.

*

ఇక ఆక్షేపణలకు వద్దాం.

మొదటిది: రాజ్యాంగం ఒప్పుకోదు. ఇది తేలికగా తీసేయదగిన మాట కాదు. 2000 జనవరి 10న ఉమ్మడి రాష్ట్రం జీవో 3 ఇచ్చి, షెడ్యూల్డు ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, చేబ్రోలు లీలాప్రసాదరావు వ్యాజ్యంలో, నూటికి నూరు శాతం రిజర్వేషను చెల్లదని కొట్టివేసింది. గిరిజనులకు గిరిజనులే చదువు చెప్పాలన్న భావనను కూడా తప్పుపట్టింది. ఏజెన్సీలో ఆ తీర్పు పెద్ద దెబ్బ. తీర్పు మీద నా అభిప్రాయం పక్కన పెడతాను. ఆ తీర్పు మూసిన తలుపు పుట్టుకది. భాష తలుపు మూయలేదు. ఎవడి కులమేది అని అడగవద్దు, సరే. పిల్లవాడి భాష నీకు వచ్చునా అని అడగడానికి అడ్డేమిటి? పిల్లల మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతి కల్పించాలని రాజ్యాంగం 350ఏ అధికరణం చెబుతున్నది. సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధన అని 2009 విద్యాహక్కు చట్టం చెబుతున్నది. తెలుగు పండితుడి పోస్టుకు తెలుగు పరీక్ష పెడితే ఎవరూ అన్యాయమనలేదు. గోండుగూడెంలో పనికి గోండీ పరీక్ష పెడితే అన్యాయమెలా అవుతుంది? పైగా స్వచ్ఛంద సంస్థలకు ఏ జీవో అవసరం లేదు. ప్రకటనలో రెండు మాటలు అటుదిటు ఇటుదటు చేస్తే చాలు.

రెండవది: దాతకు నివేదిక ఆంగ్లంలో కావాలి కదా. కావాలి. నివేదిక వ్రాసేవాడు ఒక్కడు చాలు. అతణ్ణి హైదరాబాదులోనే కూర్చోబెట్టండి. గూడెం తిరిగేవారు పదిమంది కావాలి. మన ప్రకటనలు ఆ పదిమంది దగ్గరా నివేదిక వ్రాసేవాడి లక్షణాలే వెతుకుతున్నాయి. వంటవాణ్ణి ఎన్నుకోవడానికి చేతిరాత చూసినట్లున్నది.

మూడవది: తగినవారు దొరకరు. ఎనభై ఏళ్ల క్రిందట మార్లవాయిలో దొరికారు. గురుకులాలు, డిగ్రీ కళాశాలలు ఉన్న ఈ కాలంలో దొరకరా? దొరకనిది వెతికే చోట వెతకనందువల్ల. ప్రకటన ఆంగ్లంలో ఒక జాలస్థలిలో పెట్టి, ఉట్నూరు సంతలో తిరిగే పిల్లవాడు చూడలేదని వాపోతే ఎలా? ఆ పిల్లవాడికి ఆంగ్లంలో లేఖ వ్రాయడం ఆరు నెలలలో నేర్పవచ్చు. నగరం నుంచి వచ్చినవాడికి ఆరు నెలలలో కొలామీ నేర్పగలరేమో ప్రయత్నించి చూడండి.

నాలుగవది: గోండీ వచ్చినంత మాత్రాన సమర్థుడవుతాడా? కాడు. ఆంగ్లం వచ్చినంత మాత్రాన కూడా కాడు. భాష అర్హత, సమర్థత వేరు. ఉండవలసిన మొదటి అర్హత ఏది అన్నదే మన చర్చ. బయటివాళ్లు రావద్దని కూడా నేను అనడం లేదు. హైమన్‌డార్ఫ్ బయటివాడే, పగడి బయటివాడే. వారు నేర్చుకొని పనిచేశారు. నేర్చుకొంటానని వ్రాసిచ్చి, ఏడాదిలో పరీక్షకు నిలిచేవారెవరైనా రావచ్చును.

అయిదవది, అన్నిటికంటె తీయనిది: సేవకు జీతమేమిటి? ఈ మాట అనేవారు ముందుగా సంస్థ డైరెక్టరు జీతాన్ని గౌరవ వేతనంగా మార్చి, ఆ తరువాత మాట్లాడాలి. సేవాభావం పైమెట్టు మీద నుంచి మొదలైతే క్రిందిమెట్టు దాకా దానంతట అదే దిగుతుంది. క్రిందిమెట్టు మీద మాత్రమే సేవ, పైమెట్టు మీద కొలువు అంటే, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లే.

*

ఈ వృత్తులలోకి రాదలచిన మన జిల్లాల పిల్లలకు నాలుగు మాటలు.

దరఖాస్తులో భాషల వరుసను ఆఖరున పెట్టకండి. గోండీ, కొలామీ, లంబాడీ, మరాఠీ ఏది వస్తే అది మొదటి వాక్యంలో వ్రాయండి. అది మీ పాండిత్యం, దాచుకోవలసిన యాస కాదు.

ప్రకటన కోసం ఎదురుచూడకండి. కంపెనీలు తాము ఒప్పుకొన్న సామాజిక ప్రాజెక్టుల వివరాలు తమ జాలస్థలిలో పెట్టాలని నియమం ఉన్నది. మీ జిల్లా పేరు వెతకండి. ఏ సంస్థ ఆ పని చేస్తున్నదో తెలుసుకొని, ఆ పని మీ ఊళ్లో ఎలా జరగాలో ఒక పేజీలో వ్రాసి పంపండి. ఉద్యోగమడిగే ఉత్తరం కంటె పని తెలిసినవాడి ఉత్తరం బలమైనది.

పెసా, అటవీ హక్కుల చట్టం, సమాచార హక్కు చట్టం, ఈ మూడూ క్షుణ్ణంగా చదవండి. గ్రామసభ తీర్మానం తప్పు లేకుండా వ్రాయడం నేర్చుకోండి. పాలసీ కళాశాలలో నేర్పేదానిలో సగం అందులోనే ఉన్నది.

చేరే ముందు మూడు ప్రశ్నలు వేయండి. ఎన్నాళ్ల పని? భవిష్యనిధి ఉన్నదా? నియామక పత్రం ఇస్తారా? అడిగితే ఏమనుకుంటారో అని జంకవద్దు. అడగనివాడి మీదనే గౌరవ వేతనం వాలుతుంది.

*

చివరగా మనకు, అంటే కంప్యూటరులో తెలుగు అక్షరం కనబడితే పండగ చేసుకొన్న తరానికి, ఒక మాట. నార్నూర్ మండలం గుంజాలలో బయటపడిన వ్రాతప్రతులలోని గోండీ లిపిని ఆచార్య జయధీర్ తిరుమలరావు, ఆయన తోటి పరిశోధకులు లోకానికి చూపించారు. 2018లో యూనికోడ్ 11వ సంచికలో ఆ లిపికి చోటు దొరికింది. తెరమీద డబ్బాలు డబ్బాలుగా కనిపించిన తెలుగును సరిచేసుకోవడానికి ఎంత తంటాలు పడ్డామో మనకు జ్ఞాపకమే. అందుకే ఆ వార్త విలువ మనకు తెలిసినంతగా ఇతరులకు తెలియదు. గుంజాల అక్షరానికి ప్రపంచపు కంప్యూటర్లన్నిటిలో సంఖ్య కేటాయించారు. ఆ అక్షరం చదవగలిగిన యువకుడికి ఆ పని మీద తన జిల్లాలో ఒక కుర్చీ కేటాయించలేకపోయాము.

మీలో చాలామంది ఇప్పుడు పెద్ద స్థానాలలో ఉన్నారు. కొందరు కంపెనీల నిధుల సంఘాలలో ఉన్నారు, కొందరు ప్రవాసంలో ఉండి ఇక్కడి సంస్థలకు విరాళాలు పంపుతున్నారు, కొందరు స్వయంగా సంస్థలు నడుపుతున్నారు. ఈసారి మీ ముందుకు ఆదివాసీ ప్రాంతపు ఉద్యోగ ప్రకటన చిత్తుప్రతి వచ్చినప్పుడు ఆవశ్యకం క్రింద ఏమున్నదో, వాంఛనీయం క్రింద ఏమున్నదో చూడండి. ఆ రెంటినీ తారుమారు చేయండి. జీతం అన్నచోట జీతమని వ్రాయించండి. విరాళమిచ్చేవారు అడిగితే వినని సంస్థ ఉండదు.

నా వాదంలో లోపముంటే వ్యాఖ్యలలో నిర్మొహమాటంగా చెప్పండి. మార్కులు తగ్గించనని హామీ.

స్వస్తి.